పండుగ బట్ట కొనేముందు ఒక్క పోగు కాల్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గరపడటంతో విజయనగరం, శ్రీకాకుళం బట్టల కొట్ల ముందు పిల్లల బొమ్మలకి మెరిసే లంగాలు, జరీ పంచెలు తొడిగేశారు. ఇక వరసగా సిరిమానోత్సవం, దీపావళి, నాగులచవితి, సంక్రాంతి, రథసప్తమి. ఈ నాలుగైదు నెలల్లో పిల్లలకి కుట్టమని మా దగ్గరికి వచ్చే గుడ్డల్ని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తల్లిదండ్రులు రంగు చూస్తున్నారు, అంచు చూస్తున్నారు, ధర బేరమాడుతున్నారు. ఆ గుడ్డని ఏ పోగుతో నేశారో మాత్రం అడగడం లేదు. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. ఎందుకంటే ఈ వరసలో దీపావళి, భోగి రెండూ పిల్లల్ని నిప్పు దగ్గరికి తీసుకెళ్లే పండుగలు.

కొట్లో ‘పట్టు’ అన్న మాటకి ఇప్పుడు హద్దు లేదు. సెమీ పట్టు, ఫ్యాన్సీ పట్టు, ఆర్ట్ పట్టు అని చూపించేవాటిలో ఎక్కువ భాగం పాలిస్టరో, విస్కోసో (కలప గుజ్జుతో చేసే పోగు), రెండూ కలిపిందో అయి ఉంటుంది. ఆర్ట్ అన్న ముక్క ఆర్టిఫిషియల్‌కి పొట్టి పేరు. అసలు పట్టుకి హోలోగ్రాం ఉన్న సిల్క్ మార్క్ చీటీ ఉంటుంది. కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టిన గుర్తు అది. చీటీ లేకపోతే మోసమని కాదు. పోగుని మనమే పరీక్షించుకోవచ్చు.

గుడ్డ కొసన పడుగు (నిలువు) పోగులు రెండు, పేక (అడ్డం) పోగులు రెండు లాగండి. రెండు రకాల్నీ విడివిడిగా కాల్చాలి. పడుగు పట్టు, పేక పాలిస్టరు పెట్టి నేసే బట్టలున్నాయి, ఒకటే కాలిస్తే బయటపడవు. జరీ పోగు ఇందులో కలవకుండా చూసుకోండి. పిల్లలు దగ్గర లేనప్పుడు స్టీలు పళ్లెం మీద పోగుని పట్టకారుతో పట్టి అగ్గిపుల్ల చూపించండి. పట్టు పోగు నెమ్మదిగా కాలి, మంట తీయగానే దాదాపు ఆరిపోతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మిగిలిన నల్లటి ఉండని వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. నూలు పోగు కాగితంలా కాలుతుంది, మంట తీసినా కొనన ఎర్రగా పాకుతుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. విస్కోసూ అంతే. పాలిస్టరు పోగు మంటని చూడగానే వెనక్కి ముడుచుకుంటుంది, తర్వాత కరిగి చుక్క కడుతుంది, నల్లటి పొగ వదులుతుంది. చల్లారాక ఆ చుక్క చిన్న పూసలా గట్టిపడుతుంది, ఎంత నొక్కినా నలగదు.

ఆ పూసని చేతిలోకి తీసుకుని చూస్తే మేం చెప్పేది అర్థమవుతుంది. పాలిస్టరు దాదాపు 250 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే కరుగుతుంది. కాకరపువ్వొత్తి నిప్పురవ్వల వేడి వెయ్యి డిగ్రీలు మించుతుంది. రవ్వ పడి కరిగిన గుడ్డ పిల్లల ఒంటికి అతుక్కుని, చల్లారేదాకా చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. అలాగని నూలు అంటుకోదని ఎవరైనా అంటే నమ్మకండి. పలచటి నూలు వాయిల్‌తో కుచ్చులు కుచ్చులుగా కుట్టిన గౌను చటుక్కున అంటుకుంటుంది. కాకపోతే నూలు కరిగి ఒంటికి పట్టుకోదు. అన్నిటికంటే చెడ్డది నూలూ పాలిస్టరూ కలిపి నేసిన గుడ్డ. అందులో నూలు పోగులు ప్రమిదలో వత్తిలా నిలబడి, కరిగిన పాలిస్టరుని జారిపోకుండా పట్టుకుని కాలుతాయి.

కాబట్టి దీపావళి రాత్రికి పోగు ఎంత ముఖ్యమో కుట్టు అంత ముఖ్యం. చిక్కటి నేత ఉన్న నూలు గుడ్డతో, ఒంటికి దగ్గరగా ఉండే చుడీదారో, కుర్తా పైజామానో వేయండి. చేతులు మణికట్టు దాకా ఉండి, కొసల్లో వదులుగా వేలాడకూడదు. ఓణీ, చున్నీ, వెనక ముడివేసే పొడుగు బొందులు ఆ రాత్రికి వద్దు. లంగా కింద నిలబెట్టే క్యాన్‌క్యాన్ నెట్టు మరీ వద్దు. దాని కన్నాల్లో గాలి ఆడుతుంది కాబట్టి మంట ఒక్క ఊపున పైకి పాకుతుంది. లక్ష్మీపూజకి పట్టు లంగా వేసి, గోగు కాడల దివిటీలు కొట్టే వేళకి నూలు బట్టలోకి మార్చడం అయిదు నిమిషాల పని. దివిటీ కొట్టేటప్పుడు కాడ కొసన ఉన్న గుడ్డ వత్తి ఊడి పిల్లల పాదాల దగ్గరే పడుతుంది, అందుకే లంగా అంచు నేలకి దగ్గరగా ఉండకూడదు. కాళ్లకి మూసి ఉండే చెప్పులు వేయాలి.

భోగికి ఇంకో తిరకాసు ఉంది. తెల్లవారుజామున చలి. పైన స్వెట్టరు తొడుగుతాం. ఊలు అని అమ్మే పిల్లల స్వెట్టర్లు చాలావరకు యాక్రిలిక్, అదీ కరిగే రకమే. పిడకల దండ పిల్లల చేత్తోనే మంటలో వేయిస్తాం కాబట్టి దూరంగా నిలబెట్టడం కుదరదు. లోపల నూలు బనీను, పైన మందపాటి నూలు చొక్కా, దానిమీద పాత నూలు దుప్పటి మడతపెట్టి భుజాల మీద చుట్టి వెనక ముడివేస్తే చలీ ఆగుతుంది, నిప్పురవ్వా ఆగుతుంది. దండ వేసేటప్పుడు పెద్దవాళ్లు పిల్లల వెనక నిలబడి దుప్పటి కొసలు పట్టుకోవాలి. పొరపాటున బట్ట అంటుకుంటే పరిగెత్తనివ్వకండి, పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పండి. తర్వాత మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోస్తూ ఉండాలి. ఒంటికి అతుక్కున్న గుడ్డని పీకకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇక పట్టు లంగా సంగతి. ఇక్కడ జరిగే తప్పుల్లో చాలావరకు కొలత దగ్గరే మొదలవుతాయి. అయిదేళ్ల పిల్లకి ఉజ్జాయింపుగా నడుము 21 అంగుళాలు, లంగా పొడవు 24 అంగుళాలు వస్తుంది. మీ పిల్ల కొలతే తీసుకోండి, వయసు చెప్పి కుట్టించకండి. నడుము అన్నం తిన్నాక కొలవాలి, ఉదయం ఖాళీ కడుపుతో తీసిన కొలత పండుగ భోజనం తర్వాత బిగిసిపోతుంది. పొడవు చీలమండ దాకా తీసి ఒక అంగుళం తగ్గించాలి. నేల తాకే లంగా ఫొటోలో అందంగా ఉంటుంది గానీ గుడి మెట్లెక్కే పిల్ల అంచు తొక్కి పడుతుంది.

కుచ్చులకి నడుముకి మూడింతల గుడ్డ కావాలి, అంటే 63 అంగుళాలు. ఒకటిముప్పావు మీటరు తీసుకుంటే 69 అంగుళాలు, సరిపోతుంది. నాలుగింతలు పెట్టించుకుంటే బుట్టలా లేస్తుందని అడుగుతారు, కానీ జరీ గుడ్డకి అన్ని కుచ్చులు పెడితే నడుము దగ్గర దిండులా మందం వస్తుంది, పిల్ల కూర్చోలేదు. గుడ్డ పన్నా (వెడల్పు) 44 అంగుళాలైతే అందులో 24 లంగా పొడవుకి, 4 టక్కులకి (పిల్ల పెరిగాక విప్పుకునే మడతలు), 1 నడుము కుట్టుకి పోను 15 అంగుళాల పట్టీ మిగులుతుంది. నేర్పుగా పరిచి కోస్తే దాంట్లోనే జాకెట్టూ, చేతులూ వస్తాయి. రెండు వైపులా అంచున్న గుడ్డయితే పై అంచు చేతుల చివరకి పనికొస్తుంది. విడిగా జాకెట్టు ముక్క కొనేముందు మీ దర్జీని ఒక్కసారి అడగండి.

టక్కుల గురించి విడిగా చెప్పాలి. అంగుళం వెడల్పున్న టక్కు రెండంగుళాల గుడ్డని దాచుకుంటుంది. నాలుగు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి రెండు, రెండున్నర అంగుళాలు పెరుగుతారు, అందులో లంగా పొడవుకి వచ్చేది ఒకటి, ఒకటిన్నర. రెండు టక్కులు వేయిస్తే దాదాపు మూడేళ్లు అదే లంగా నడుస్తుంది. టక్కు అంచుకి సరిగ్గా పైన ఉండాలి. జరీ మీద వేస్తే విప్పినప్పుడు మడత గీత పోదు, జరీ అక్కడే తెగుతుంది. సాదా గుడ్డ మీద కూడా గీత కొంచెం మిగులుతుంది, అంచుకి ఆనుకుని ఉంటే సన్నటి పైపింగు వేసి కప్పేయొచ్చు. ఇందుకే చిన్నపిల్లలకి అరచేతి నుంచి జానెడు లోపు అంచే మేలు. పన్నెండు అంగుళాల పెద్ద అంచు 24 అంగుళాల లంగాలో సగం తినేస్తుంది, బరువూ పెరుగుతుంది.

నాలుగేళ్ల లోపు పిల్లలకి నడుమంటూ విడిగా ఉండదు, పొట్టే ముందుంటుంది. నాడా బిగిస్తే ఒంటి మీద వాత తేలుతుంది, వదిలితే లంగా జారుతుంది. వాళ్లకి చేతుల్లేని మెత్తటి నూలు బాడీకి లంగాని కలిపి కుట్టించండి. బరువు భుజాల మీద పడుతుంది, నాడా అవసరమే ఉండదు. పైన జాకెట్టు విడిగా తొడగొచ్చు.

జాకెట్టుకి ఛాతీ చుట్టుకొలత మీద మూడంగుళాల వదులు ఉండాలి. రెండు పక్కలా ముందూ వెనకా అంగుళం చొప్పున లోపల గుడ్డ వదిలితే తర్వాత మూడంగుళాల దాకా విప్పుకోవచ్చు. చంక మాత్రం విప్పడానికి వీలుండదు. అందుకే కోసేటప్పుడే అర అంగుళం కిందికి దించి కోయమని చెప్పండి. జరీ గుడ్డ చాలాసార్లు ముందు పిగిలేది చంక దగ్గరే. దారం తెగదు, కుట్టు దగ్గర పోగులు జారిపోయి గుడ్డ జల్లెడలా విచ్చుకుంటుంది. నూలు లైనింగుని పైగుడ్డతో కలిపి ఒకే కుట్టు వేస్తే ఆ బాధ తగ్గుతుంది. లైనింగు గుడ్డని ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి కోయాలి. నూలు గుడ్డ నూటికి మూడు నుంచి అయిదు వంతులు ముడుచుకుపోతుంది. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే లోపలిది కుదించుకుని పైన పట్టు గుబ్బలు గుబ్బలుగా లేస్తుంది. తప్పు పట్టుది అనుకుంటారు గానీ, నానబెట్టని లైనింగుది.

కొనేటప్పుడు గుడ్డని తిరగేసి బుట్టాల వెనక భాగం మీ ముంజేతి లోపలి వైపు రుద్దుకోండి. కత్తిరించిన జరీ కొసలు గీరుకుంటే పిల్లకి పదింతలు గీరుతుంది. పట్టు బట్ట వేయగానే పిల్లలు పేచీ పెట్టడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. వాళ్లకి చెప్పడం రాదు. తడిపిన తెల్ల గుడ్డతో ముదురు రంగు లంగాని రుద్ది రంగు వస్తోందేమో కూడా చూడండి, పసిపిల్లలు అంచు నోట్లో పెట్టుకుంటారు. వెనక హుక్కులకి బదులు టిచ్ బటన్లు పెట్టిస్తే పిల్ల ఒళ్లో నిద్రపోయినా వీపుకి గుచ్చుకోవు. జిప్పు పెట్టిస్తే దాని వెనక గుడ్డ పట్టీ తప్పకుండా ఉండాలి, లేకపోతే చర్మం పట్టుకుంటుంది.

భోగిపళ్లు పోసే వయసు పిల్లలకి అతికించిన రాళ్లు, పూసలు, కుచ్చుల గజ్జెలు ఉన్న బట్టలు వేయొద్దు. రేగుపళ్లు, చిల్లరే ఒళ్లో ఉంటాయి, ఊడిన పూస వాటిలో కలిసి నోట్లోకి పోతే ఎవరూ గమనించరు. మెడ దగ్గర లాగి కట్టే తాళ్లూ వద్దు. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన బట్టని పసిపిల్లలకి నేరుగా తొడగకండి. జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకి ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు చితికి, కామెర్లు కమ్మే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు పైకి కనపడదు. ఉతికి, బాగా గాలికి ఆరేశాకే వేయాలి. అసలు దాచేటప్పుడే పాత పంచెలో చుట్టి, ఎండిన వేపాకు విడిగా మూటకట్టి పెడితే ఈ గొడవే ఉండదు.

మగపిల్లల బట్టల దగ్గర పెద్దగా తప్పులు జరగవు. ఒకటి రెండు చాలు. పైజామాకి నాడా కాకుండా ఎలాస్టిక్ పెట్టించండి, నడుము కంటే రెండంగుళాలు తక్కువ కోస్తే చాలు. ఉత్సవంలో ముడిపడిన నాడా విప్పలేక బట్టలు తడుపుకునే పిల్లలు ఎంతమందో. రెడీమేడ్ పంచెల వెల్క్రో జరీ పోగుల్ని లాగేస్తుంది, నడుముకీ గీరుతుంది. వాటికంటే 50 అంగుళాల పన్నా ఉన్న నాలుగు మూరల నూలు పంచెని నిలువుగా రెండు చేస్తే ఒక్కో ముక్కకి ఒక అంచు, 25 అంగుళాల పన్నా వస్తుంది. అయిదేళ్ల వాళ్లిద్దరికి అడ్డకట్టు పంచెలు తయారు. గోచీ కట్టుకైతే రెండుంపావు మీటర్ల పొడవుండాలి.

పంచె అన్నాక పొందూరు మాట రాకుండా ఉండదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసే సన్నఖద్దరు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండగా పిల్లల లాల్చీకి పాలిస్టరు సిల్కు కొనడం మాకు కష్టంగా ఉంటుంది. చేతి వడుకు కాబట్టి చెమట బాగా పీలుస్తుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. అయిదేళ్ల పిల్లాడి లాల్చీకి మీటరుంపావు చాలు, ధర ఎక్కువనిపించినా పట్టేది అంతే. దీన్నీ కోసే ముందు నానబెట్టాలి. ఆడపిల్లలకి మంగళగిరి నూలు గుడ్డ, సన్నటి నిజాం అంచుతో, లంగాకి చక్కగా నిలబడుతుంది.

అమ్మ పట్టుచీర కోసి పిల్లకి కుట్టించడం మంచి పద్ధతే. ముందు చీరని వెలుతురుకి అడ్డంగా పట్టి మడతల దగ్గర చూడండి. అక్కడ వెలుగు గీతల్లా కనిపిస్తే పట్టు చిట్లడం మొదలైంది. రెండు వేళ్లతో మెల్లగా లాగితే చిరిగే చోటు వదిలేసి కోయాలి. అయిదున్నర మీటర్ల చీరలో ఇద్దరు పిల్లలకి లంగాలు, కొంగులో జాకెట్లు వస్తాయి.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరిగేంతసేపు పిల్లలు జనంలో, ఉక్కలో నిలబడాలి. ఆ రోజు జరీ వద్దు. మోకాలి కిందికి ఉండే నూలు బట్ట, దూరానికి కనిపించే పసుపో ఎరుపో, లోపల కుట్టిన చిన్న జేబులో తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్క. గాజు గాజులు, బిగుతు వడ్డాణం ఇంట్లోనే ఉంచండి.

కొత్త బట్టకి పసుపు పెట్టడం మన ఆచారం. లోపలి కుట్టు అంచున పెట్టండి. పైన అంటితే సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది. కంగారుపడి మళ్లీ రుద్దకండి, నీళ్లతో జాడించి కాసేపు ఎండలో ఆరేస్తే పసుపు ఎండకి తేలిపోతుంది. పట్టుకి మాత్రం ఎండ ఎక్కువసేపు చూపించకూడదు. నూనె మరకకి వెంటనే పౌడరు చల్లి గంట వదిలి దులపాలి. పట్టుని చల్లటి నీళ్లలో కుంకుడు రసంతో ఉతికి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో ఆరేయాలి.

కొట్ల యజమానులకి మా విన్నపం ఒకటే. బిల్లు మీద ‘పట్టు లంగా’ అని రాసే చోట అది పట్టో, పాలిస్టరో, విస్కోసో కూడా రాయండి. పాలిస్టరు అమ్మొద్దని మేం అనడం లేదు. బొమ్మల కొలువుల్లో, పెళ్లిలో, ఫొటోకి దాని పని దానికి ఉంది. కొనేవాళ్లకి తెలిసి కొననివ్వండి. ఖాదీ భండార్లు, చేనేత సంఘాలు పిల్లల కొలతలకి తగ్గ మీటరుంపావు, ఒకటిముప్పావు మీటరు ముక్కల్ని పండుగ ముందు విడిగా కోసి పెడితే, చీర మొత్తం కొనలేని ఇళ్లకి కూడా నేత బట్ట అందుతుంది. మీ పత్రిక దీపావళి పేజీలో టపాకాయల జాగ్రత్తలు ఏటా వేస్తారు. ఈసారి వాటి పక్కనే పిల్లల ఒంటి మీది గుడ్డ గురించి నాలుగు వాక్యాలు వేయమని కోరుతున్నాం.

కుట్టించుకునేవాళ్లకి: గుడ్డ నెల ముందు ఇవ్వండి, పది రోజుల ముందు పిల్లని తీసుకొచ్చి తొడిగి చూడండి. చేతులెత్తించి, గొంతుక్కూర్చోబెట్టి, నాలుగడుగులు పరిగెత్తించి చూస్తే ఎక్కడ పట్టేస్తోందో అప్పుడే తెలుస్తుంది, సరిచేయడానికి మాకు వ్యవధీ ఉంటుంది.

ఇట్లు,
పిల్లల బట్టలు కుట్టే దర్జీలు,
విజయనగరం